ఉంగరాల మచ్చలు, పాత స్కాన్ రిపోర్టు: ఒక నియోనేటల్ లూపస్ కేసు

పాప వయసు 38 రోజులు. ఓపీ చీటీ మీద మా నర్సు రాసిన ఫిర్యాదు ఒకే మాట: తామర. మొదటి చూపులో నేనూ అదే అనుకున్నాను. నుదుటి మీద, కణతల దగ్గర, రెండు కళ్ల చుట్టూ గుండ్రటి ఎర్రని మచ్చలు. అంచులు కొద్దిగా ఉబ్బి, సన్నగా పొట్టు లేస్తున్నాయి. మధ్యభాగం మాత్రం తేటగా ఉంది. తామర గురించి మేము చదువుకున్న వర్ణన అక్షరాలా ఇదే. అప్పటికి బయట ఇంకా ముప్పై మంది పిల్లలు ఎదురుచూస్తున్నారు. ఒక పూత మందు రాసి పంపేయడానికి నాకు అర నిమిషం చాలు.

ఆ అర నిమిషంలో పంపించి ఉంటే ఏం పోయేదో చెప్పడానికే ఈ కేసు రాస్తున్నాను. కుటుంబం అనుమతి ఉంది. వారిని గుర్తుపట్టే ఆనవాళ్లు మార్చాను.

పాప సంగతి

38 వారాలు నిండాక సాధారణ కాన్పు. పుట్టినప్పటి బరువు 2.7 కిలోలు. మూడో రోజు కామెర్లు, బిలిరుబిన్ 16.8. పుట్టిన ఆసుపత్రిలోనే 36 గంటలు ఫొటోథెరపీ దీపాల కింద ఉంచారు. తగ్గాక పుట్టింటికి తీసుకెళ్లారు. అక్కడ అమ్మమ్మగారు రోజూ నూనె రాసి, కాళ్ల మీద పడుకోబెట్టి స్నానం పోసి, అంతకుముందు అరగంట సేపు వసారాలో ఎండ పొడ తగిలేలా పడుకోబెట్టేవారు. పాలు బాగా తాగుతోంది, బరువు పెరుగుతోంది. 24వ రోజున నుదుటి మీద మొదటి మచ్చ కనిపించింది. ఊళ్లోని ఆర్‌ఎంపీ ఒక ట్యూబు ఇచ్చారు. క్లోట్రిమజోల్, బీటామెథసోన్ కలిపిన మందు అది. అయిదు రోజుల్లో ఎరుపు తగ్గింది. ఆపిన వారానికి రెట్టింపై తిరిగొచ్చింది.

స్టిరాయిడ్ కలిసిన ఆ ట్యూబుల మీద నాకున్న కోపం వేరే వ్యాసానికి సరిపోతుంది. ఇక్కడ చెప్పవలసింది ఒకటే. ఏ మచ్చకైనా అది నాలుగు రోజులు మేకప్ వేస్తుంది. తామరను తామరలా ఉండనివ్వదు, తామర కానిదాన్ని తామరే అని నమ్మిస్తుంది.

నన్ను ఆపినవి చిన్న విషయాలే. మచ్చలు రెండు కళ్ల చుట్టూ సమానంగా, కళ్లజోడు పెట్టినట్టు ఉన్నాయి. ఫంగస్‌కు అంత కొలత ఉండదు. 24 రోజుల పసిబిడ్డకు తామర రావాలంటే ఎత్తుకునే వాళ్లలో ఎవరికో ఉండాలి. తల్లి, అమ్మమ్మ, మేనత్త ముగ్గురి చేతులూ మెడలూ చూశాను, ఎవరికీ లేదు. చొక్కా విప్పి చూస్తే ఒళ్లంతా శుభ్రం. గుడ్డ కప్పని చోటే మచ్చలు. పొట్టు గీకి మైక్రోస్కోపు కింద చూపించాను, ఫంగస్ కనబడలేదు. అయితే అప్పటికే మందు రాసిన చర్మం కాబట్టి ఆ ఫలితానికి నేను పెద్ద విలువ ఇవ్వలేదు.

ఎండ తగిలిన చోట ఉంగరాల్లాంటి మచ్చలు, నెల వయసు. ఈ మూడూ కలిస్తే నియోనేటల్ లూపస్‌ను అనుమానించాలి. తల్లి రక్తంలోని యాంటీబాడీలు (రోగనిరోధక ప్రోటీన్లు) బిడ్డకు చేరి తెచ్చే జబ్బు అది. అందుకే బిడ్డను వదిలి తల్లిని ప్రశ్నించాలి.

తల్లి సంగతి

వయసు 26. శరీరం తన మీద తానే దాడి చేసుకునే లూపస్ జబ్బుకు అడగవలసిన ప్రశ్నలన్నీ అడిగాను. ఎండకు ముఖం ఎర్రబడుతుందా, జుట్టు ఊడుతుందా, నోట్లో పుళ్లు, కీళ్ల వాపులు, కాళ్ల వాపులు. అన్నిటికీ "లేవండి" అనే సమాధానం. మామూలుగా ఇక్కడ చేతులెత్తేస్తాం. కానీ ఆ పది నిమిషాల్లో ఆమె మూడుసార్లు చేతిలోని సీసా మూత తీసి గుక్కెడు నీళ్లు తాగింది. వేసవి కాదు. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువేననుకున్నాను, అయినా అడిగాను.

"అలవాటండీ. ఇడ్లీ అయినా నీళ్లు లేకుండా గొంతు దిగదు. పెళ్లికి ముందు నుంచీ అంతే."

"కళ్లు?"

"సాయంత్రానికి ఇసుక పోసినట్టు ఉంటాయి. ఫోను చూడటం వల్ల అన్నారు."

పళ్లు చూపించమన్నాను. నాలుగు దవడ పళ్లు పీకించేశారు, మరో మూడింటికి రూట్ కెనాల్ అయింది. చిన్నప్పుడు చాక్లెట్లు తిన్న పాపమని ఇంట్లో తీర్పు చెప్పేశారు. గవదబిళ్లలు ఎప్పుడైనా వచ్చాయా అంటే, "రెండుసార్లు వచ్చాయండీ, ఒకసారి ఇంటర్‌లో, ఒకసారి పెళ్లయ్యాక" అంది. గవదబిళ్లలు ఒకసారి వస్తే మళ్లీ రావడం చాలా అరుదు. చెవి కింద లాలాజల గ్రంథి పదేపదే వాస్తోందంటే, దానికి వైరస్ కాక వేరే కారణం వెతకాలి.

మొదటి కాన్పు గురించి అడిగినప్పుడు గదిలో మాటలు ఆగిపోయాయి. ఆమె తలవంచుకుంది. భర్త లేచి, బ్యాగులోంచి బట్టల దుకాణం ప్లాస్టిక్ కవరు ఒకటి తీసి నా బల్ల మీద పెట్టాడు.

ప్లాస్టిక్ కవరు

22 నెలల కిందటి కాగితాలు. 20వ వారం స్కాన్‌లో అంతా బాగుంది, గుండె నిమిషానికి 146 సార్లు కొట్టుకుంటోంది. 24వ వారంలో 56. లయ క్రమంగానే ఉందని రాశారు. 26వ వారంలో 52, బిడ్డ పొట్టలో, గుండె చుట్టూ నీరు. రెండు రోజుల తర్వాత గుండె ఆగింది. పోస్ట్‌మార్టం చేయలేదు, ఇక్కడ దాదాపు ఎవరూ చేయించరు. డిశ్చార్జి కాగితంలో కారణం దగ్గర "బిడ్డ గుండె బలహీనత" అని రాసి ఉంది.

కడుపులో బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 మధ్య కొట్టుకోవాలి. ఊపిరాడక ఇబ్బంది పడే బిడ్డ గుండె పడిపోతుంది, లేస్తుంది, మళ్లీ పడిపోతుంది. రెండు వారాల పాటు గడియారంలా 56, 52 దగ్గర నిలబడదు. అలా నిలబడిందంటే గుండెలో పై గదులు ఒక తాళానికి, కింది గదులు మరో తాళానికి కొట్టుకుంటున్నాయన్నమాట. పై నుంచి వచ్చే విద్యుత్ సంకేతం మధ్యలో ఉన్న ఏవీ నోడ్ దగ్గరే ఆగిపోతే, కింది గదులు సొంత వేగంతో నెమ్మదిగా నడుస్తాయి. దీన్ని పూర్తి హార్ట్ బ్లాక్ అంటాం. పై గదుల వేగం కొలిచి ఉంటే తేలిపోయేది. ఆ రిపోర్టులో కొలవలేదు.

ఇదే లెక్క నిండు నెలల్లో ఎదురైతే తప్పు మరో దిక్కుకు పోతుంది. బిడ్డ గుండె 55 అని వినగానే ఊపిరాడటం లేదని హడావిడిగా సిజేరియన్ చేసేస్తారు. సిద్ధంగా ఉండవలసిన పిల్లల గుండె వైద్యులు, పేస్‌మేకర్ వంద కిలోమీటర్ల అవతల ఉంటారు.

కవర్లో ఇంకో రెండు కాగితాలు ఉన్నాయి. ఒకటి టార్చ్ పరీక్ష, కడుపులో బిడ్డకు హాని చేసే ఇన్ఫెక్షన్ల కోసం చేసేది. రుబెల్లా, సైటోమెగలో వైరస్‌లకు ఐజీజీ అనే రకం యాంటీబాడీ పాజిటివ్. మన జనాభాలో ఎక్కువమంది పెద్దవాళ్లకు అవి పాజిటివ్‌గానే ఉంటాయి, ఎప్పుడో వచ్చిపోయిన జబ్బుకో వేసుకున్న టీకాకో గుర్తు. దానికి ఆమె చేత మూడు వారాలు మందులు మింగించారు. రెండోది ఏఎన్‌ఏ, సొంత కణాల కేంద్రకం మీద దాడి చేసే యాంటీబాడీల కోసం చేసే పరీక్ష. ఎవరో సరైన దిశలోనే ఆలోచించి రాశారు, సంతోషం. ఫలితం నెగెటివ్. అక్కడితో ఆ దారి మూసేశారు.

ఈ కేసులో నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఇదే: ఏఎన్‌ఏ నెగెటివ్ వస్తే, ఇలాంటి పిల్లల తల్లుల్లో వెతకవలసిన రో యాంటీబాడీ లేనట్టు కాదు. ఏఎన్‌ఏ పరీక్షలో రోగి సీరాన్ని కణాల మీద పోసి కేంద్రకం మెరుస్తుందో లేదో చూస్తారు. ఆ కణాలను స్లైడు మీద స్థిరపరిచే తీరును బట్టి రో ప్రోటీన్ చాలినంత మిగలకపోవచ్చు, యాంటీబాడీ ఉన్నా మెరుపు రాదు. అనుమానం ఉంటే రో, లా యాంటీబాడీలను పేరు పెట్టి అడగాలి. ఈ పేర్లు కూడా మనుషులవే. మొదట ఏ రోగుల రక్తంలో దొరికాయో వాళ్ల పేర్లలోని తొలి రెండు అక్షరాలు. ల్యాబ్ కాగితాల మీద ఎస్‌ఎస్‌ఏ, ఎస్‌ఎస్‌బీ అని కనిపించేవి ఇవే.

ఫలితాలు

తల్లికి ఈ యాంటీబాడీలను విడివిడిగా చూసే ఈఎన్‌ఏ ప్రొఫైల్ చేయించాం. రో-60, రో-52 రెండూ బలంగా పాజిటివ్, లా నెగెటివ్. కంటి కింద కాగితపు పట్టీ పెట్టి కన్నీరు కొలిస్తే అయిదు నిమిషాల్లో 3 మిల్లీమీటర్లు తడిసింది, అయిదుకు మించకపోతే తక్కువే. కిడ్నీలు, రక్తకణాలు బాగున్నాయి. రుమటాలజిస్టు షోగ్రెన్ సిండ్రోమ్ అని నిర్ధారించారు. కన్నీటి గ్రంథుల మీద, లాలాజల గ్రంథుల మీద శరీరం తానే దాడి చేసుకునే జబ్బు అది.

పాపకు హిమోగ్లోబిన్ 10.2, ప్లేట్‌లెట్లు 64,000, కాలేయ ఎంజైములు మామూలు కంటే రెండు మూడు రెట్లు. ఈసీజీలో గుండె వేగం 142, పీఆర్ వ్యవధి (సంకేతం పై గదుల నుంచి కింది గదులకు చేరే సమయం) 0.11 సెకను, ఎక్కడా బ్లాక్ లేదు. ఎకోలో గుండె కండరం, కవాటాలు బాగున్నాయి. ఆ రిపోర్టు చదివేదాకా నేను కుదురుగా కూర్చోలేదని ఒప్పుకోవాలి. మచ్చలు పోతాయి, ప్లేట్‌లెట్లు కోలుకుంటాయి, కాలేయం సర్దుకుంటుంది. పూర్తి హార్ట్ బ్లాక్ ఒకసారి వచ్చిందంటే పోదు. దానితో పుట్టిన పిల్లల్లో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు పేస్‌మేకర్ అమర్చవలసి వస్తుంది.

పాపకు రో పరీక్ష అవసరమా అని మా జూనియర్ అడిగారు. చేశాం, పాజిటివ్. కానీ అది పాప యాంటీబాడీ కాదు. నాలుగో నెల నుంచి మావి తల్లి ఐజీజీని ప్రత్యేకమైన గ్రాహకాలతో పట్టుకుని బిడ్డకు చేరవేస్తుంది. నెలలు నిండేసరికి తల్లి రక్తంలో కంటే బిడ్డ రక్తంలోనే ఎక్కువ ఉంటుంది. తట్టు నుంచి, ధనుర్వాతం నుంచి పసికందును కాపాడేది ఈ ఏర్పాటే. మావి ఏది మంచిదో ఏది చెడ్డదో చూడదు. ఐజీజీ అయితే చాలు, దాటిస్తుంది. థైరాయిడ్ గ్రంథిని ఏళ్ల కిందటే తీసేయించుకుని, రోజూ మాత్ర మింగుతూ హాయిగా ఉన్న ఒక గ్రేవ్స్ తల్లికి (యాంటీబాడీలు థైరాయిడ్‌ను అతిగా పనిచేయించే జబ్బు అది) పుట్టిన బిడ్డను ఒకసారి చూశాను. గుండె నిమిషానికి 210. తల్లిలో దాడి చేయడానికి గ్రంథి లేదు, యాంటీబాడీ మాత్రం మిగిలే ఉంది. దానికి బిడ్డలో గ్రంథి దొరికింది.

రో యాంటీబాడీ చర్మానికి, గుండెకు ఎందుకు చేటు చేస్తుందనేదానికి ఇప్పటికి బాగా నిలబడిన వివరణ ఇది. రో ప్రోటీన్ కణం లోపల ఉంటుంది, యాంటీబాడీకి అందదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు చర్మకణాల్లో అది ఉపరితలానికి వస్తుంది. గర్భంలో గుండె రూపు దిద్దుకునేటప్పుడు కొన్ని కణాలు సహజంగానే రాలిపోతుంటాయి, వాటిలోనూ అది బయటపడుతుంది. యాంటీబాడీ అతుక్కుంటుంది, చుట్టూ వాపు పుడుతుంది. చర్మంలో అయితే మచ్చ. ఏవీ నోడ్‌లో అయితే గట్టిపడిన నారకణజాలం, దానిగుండా సంకేతం ఇక సాగదు. అందుకే హార్ట్ బ్లాక్ ఎక్కువగా 18 నుంచి 24 వారాల మధ్య బయటపడుతుంది. అదే యాంటీబాడీని ఏళ్ల తరబడి మోస్తున్న తల్లి గుండె మాత్రం మామూలుగానే కొట్టుకుంటూ ఉంటుంది.

ఫొటోథెరపీ దీపాల నీలి కాంతిలో అతినీలలోహిత కిరణాలు దాదాపు ఉండవు. అయినా ఆ దీపాల తర్వాత మచ్చలు తేలిన పిల్లల గురించి వైద్య పత్రికల్లో వచ్చింది. ఈ పాప విషయంలో దీపాలకూ మచ్చలకూ మధ్య మూడు వారాల తేడా ఉంది కాబట్టి, నేను వసారా ఎండనే అనుమానిస్తున్నాను.

చేసింది, చేయనిది

చేసింది తక్కువే. ట్యూబు ఆపించాం. ఒక శాతం హైడ్రోకార్టిసోన్ పలుచగా ఏడు రోజులు, అంతే. ఎండ పూర్తిగా మానిపించాం. అమ్మమ్మగారికి ఇది నచ్చలేదు.

"ఎండ పొడ తగలకపోతే బిడ్డకు ఎముకలు ఎలా గట్టిపడతాయండీ డాక్టరుగారూ? మా పిల్లలందరినీ అలాగే పెంచాం."

"విటమిన్ డి చుక్కలు రోజూ వేయండి అమ్మగారూ. మీ పెంపకంలో తప్పేం లేదు. ఈ పాప చర్మానికి మాత్రం ఆరు నెలలు ఎండ పడదు."

ప్లేట్‌లెట్లు 64,000 అని చూసి ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కిద్దామా అనే ఆలోచన వచ్చింది. ఎక్కడా రక్తస్రావం లేదు, తలకు చేసిన అల్ట్రాసౌండ్ బాగుంది, వారం వారం చూడవచ్చు. వద్దనుకున్నాను. 64 వేలు, 88 వేలు, లక్షా 40 వేలు. మూడో నెలకు 2 లక్షల 30 వేలు. ఆరు వారాల టీకాలు వాయిదా వేయలేదు. సన్నని సూదితో ఇచ్చి, అక్కడ కొన్ని నిమిషాలు నొక్కి పట్టుకోమన్నాం. తల్లిపాలు ఆపమని ఎవరో బంధువు సలహా ఇచ్చారట, ఆపనివ్వలేదు. పాలలో వెళ్లేది ప్రధానంగా ఐజీఏ అనే వేరే రకం యాంటీబాడీ, ఈ జబ్బుతో దానికి సంబంధం లేదు.

కుటుంబాన్ని అన్నిటికంటే భయపెట్టింది జబ్బు పేరు. ఫోనులో "లూపస్" అని వెతికి, బిడ్డకు జీవితాంతం కిడ్నీ జబ్బని ఏడుస్తూ మరునాడు వచ్చారు. ఈ పేరు పెట్టినవాళ్ల మీద నాకు ఫిర్యాదుంది. బిడ్డకు లూపస్ లేదు. తల్లికీ లూపస్ ఉండనక్కర్లేదు, ఈమెకు లేదు కూడా. కాగితం మీద లెక్క వేసి చూపించాను. తల్లి నుంచి వచ్చిన ఐజీజీ సుమారు మూడు వారాలకోసారి సగమవుతుంది. 24 వారాలకు ఎనిమిదిసార్లు సగం. 256 పాళ్లలో ఒక పాలు మిగులుతుంది. లెక్కల టీచరైన తండ్రి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆరో నెలకు మచ్చలు పోయాయి. ఎడమ కణత మీద దారపు పోగుల్లాంటి ఎర్రని రక్తనాళపు గీతలు రెండు మిగిలాయి. తొమ్మిదో నెలలో రో పరీక్ష నెగెటివ్.

నెలల పిల్లల్లో ఇలాంటి చర్మ జబ్బును 1954లో మొదటిసారి వర్ణించినవారు మెక్‌కుయిస్టన్, షోక్ అనే అమెరికా వైద్యులు. అప్పటికి ఆ బిడ్డ తల్లికి ఏ లక్షణాలూ లేవు. లూపస్ ఆమెలో తర్వాత బయటపడింది. ఇప్పటికీ ఇలాంటి పిల్లల తల్లుల్లో దాదాపు సగం మందికి, బిడ్డ పుట్టేనాటికి తమలో ఏదో ఉందని తెలియదు.

మూడో గర్భం

రెండున్నరేళ్లకు వాళ్లు మళ్లీ వచ్చారు. గర్భం ఇంకా రాలేదు, ముందే అడగడానికి వచ్చారు. ఇంతకంటే మంచి ఫాలోఅప్ నాకు తెలియదు.

రో పాజిటివ్ తల్లుల్లో నూటికి ఒకరిద్దరి పిల్లలకే హార్ట్ బ్లాక్ వస్తుంది. ఒక బిడ్డకు వచ్చాక తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం 16 నుంచి 20 శాతం. మొదటి బిడ్డ విషయంలో నా దగ్గర రుజువు లేదు, రెండు అంకెలున్న స్కాన్ కాగితాలు తప్ప. అయినా ఆ అంకెలను నమ్మి, ఈమెను పెద్ద ప్రమాదం ఉన్న తల్లిగానే లెక్కించాం.

హైడ్రాక్సీక్లోరోక్విన్ పేరు కరోనా కాలంలో ఇంటింటికీ తెలిసిపోయింది, అపఖ్యాతితో. అదే 2020లో ఈ మందు గురించి వచ్చిన మరో ఫలితం ఎవరి చెవినా పడలేదు. హార్ట్ బ్లాక్ బిడ్డ పుట్టిన తల్లులకు, తర్వాతి గర్భంలో పదో వారంలోపే రోజుకు 400 మిల్లీగ్రాములు మొదలుపెడితే, బ్లాక్ 7.4 శాతం మందిలోనే మళ్లీ వచ్చింది. పాత అంచనా 18 శాతం. మా తల్లి బరువు 60 కిలోలు. కంటి భద్రత కోసం సూచించే లెక్క కిలోకు 5 మిల్లీగ్రాములు, అంటే 300. అధ్యయనంలో వాడింది 400. మన దగ్గర చాలామంది ఆడవాళ్ల బరువు ఇంతే కాబట్టి ఈ ఇరకాటం తరచూ వస్తుంది. కంటి పొరకు నష్టం సాధారణంగా ఏళ్ల తరబడి వాడితే వచ్చేది, గర్భం తొమ్మిది నెలలది. కాన్పు వరకు 400, తర్వాత 300 అని రుమటాలజిస్టు నిర్ణయించారు, ముందుగా కళ్లు పరీక్ష చేయించి.

16వ వారం నుంచి 26 దాకా వారం వారం పిండం గుండె స్కాన్. నగరానికి నాలుగు గంటల బస్సు ప్రయాణం. వారంలో ఒక రోజు జీతం పోగొట్టుకుని భర్త తోడు వెళ్లాడు. పీఆర్ వ్యవధి 118 నుంచి 132 మిల్లీసెకన్ల మధ్య ఉంది, 150 దాటితే కంగారుపడేవాళ్లం. కానీ బాగున్న గుండె ఒక్క రోజులోపే పూర్తి బ్లాక్‌లోకి జారిపోవచ్చు. వారానికోసారి చూడటం ఆ వేగానికి సరిపోదు. అందుకని చేతిలో పట్టుకునే డాప్లర్ ఒకటి ఇప్పించి, పొద్దునా సాయంత్రమూ గుండె చప్పుడు విని నోట్‌బుక్కులో రాయమన్నాం. లయ తప్పినట్టు వినిపిస్తే వెంటనే ఫోను చేయాలి. పూర్తి బ్లాక్ కాకముందు దొరికితే, మావిని దాటి బిడ్డకు చేరే డెక్సామెథసోన్ అనే స్టిరాయిడ్ ప్రయత్నించవచ్చు, ఫలితం గ్యారంటీ లేదు. మరో స్టిరాయిడ్ ప్రెడ్నిసొలోన్‌ను మావి చాలావరకు నిర్వీర్యం చేసేస్తుంది, బిడ్డకు చేరదు. ఒక రాత్రి పదకొండు గంటలకు ఫోను వచ్చింది, "88 చూపిస్తోందండీ" అని. బిడ్డ గుండె బదులు తల్లి నాడి దొరికింది. ఆ రాత్రి వాళ్లూ నిద్రపోలేదు, నేనూ నిద్రపోలేదు.

38వ వారంలో బాబు పుట్టాడు, 3.1 కిలోలు. మొదటి రోజే ఈసీజీ తీశాం, పీఆర్ 0.10 సెకను. మచ్చలు రాలేదు, ప్లేట్‌లెట్లు తగ్గలేదు. మందు వల్లే ఇలా జరిగిందని నేను అనను. ఏ మందూ వాడకపోయినా ఇలాంటి తల్లుల్లో అయిదుగురిలో నలుగురికి గుండె బాగున్న బిడ్డే పుడతాడు. ఈమె ఆ నలుగురిలో ఒకరో, మందు కాపాడిన వారో తెలుసుకునే దారి లేదు.

షోగ్రెన్ ఉన్నవారిలో లింఫోమా ప్రమాదం మామూలు కంటే ఎక్కువ కాబట్టి, చెవి కింది గ్రంథి వాచి తగ్గకుండా ఉండిపోతే వెంటనే రావాలని ఆమెకు చెప్పాం. కళ్లలో చుక్కలు వేసుకుంటోంది, పళ్లకు ఫ్లోరైడ్ పూత పెట్టించుకుంటోంది. పోయినసారి వచ్చినప్పుడు భర్త బాబు ఈసీజీ కాగితం అడిగి తీసుకుని, పాత స్కాన్ రిపోర్టులున్న ఆ ప్లాస్టిక్ కవర్లోనే పెట్టాడు. కొత్త ఫైలు ఇస్తామంటే వద్దన్నాడు.